డబ్బా ధర, సారువ ధర: సీమ ఎండలో ఇనుము పూతల లెక్క

కర్నూలు శివార్లలో కాస్టిక్ సోడా, క్లోరిన్ తయారయ్యే ఆవరణలో పైపులను మోసే ఇనుప స్తంభం ఒకటి. ఓర్వకల్లు వైపు గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కులో పలకలను మోసే ఇనుప కాలు ఇంకొకటి. రెండూ ఒకే ఎండకు కాగుతాయి, ఒకే వానకు తడుస్తాయి. అయినా తుప్పు లెక్కలో ఈ రెండింటికీ చుట్టరికం లేదు. సౌర పలక కాలికి సరిపోయే పూతను కాస్టిక్ ఆవరణలో వేస్తే కొద్ది కాలంలోనే పొట్టు లేస్తుంది. కాస్టిక్ ఆవరణకు తగిన పూతను తెచ్చి సౌర పార్కులో వేస్తే ఇనుముకు నష్టమేమీ లేదు గానీ పెట్టిన డబ్బు నేలపాలవుతుంది.

ఏ పూత చౌక అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకకపోవడానికి మొదటి కారణం ఇదే. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో ఈ ప్రశ్న దగ్గర రెండు అలవాట్లు ఎదురుపడతాయి. ఒకటి, సముద్రతీరంలోని కర్మాగారాల కోసం రాసిన పూత నిబంధనలను పేరు మాత్రం మార్చి ఇక్కడి టెండరులోకి దించేయడం. రెండోది, ఇంటి గేటుకు వేసినట్టే ఫ్యాక్టరీ ఇనుముకూ రెడ్ ఆక్సైడ్ ఒక చెయ్యి, ఎనామిల్ రెండు చేతులు వేసి పని అయిందనిపించడం. మొదటి అలవాటు భయం నుంచి వచ్చింది, రెండోది బద్ధకం నుంచి. రెండూ ఖరీదైనవే.

గాలి ఎంత తినగలదో చెప్పడానికి ప్రపంచమంతా వాడుకలో ఉన్న కొలత ఒకటుంది. ఐఎస్‌ఓ 9223 ప్రమాణం వాతావరణాన్ని సీ1 నుంచి సీ5 వరకు, ఆపైన సీఎక్స్ అనే తరగతులుగా విడదీస్తుంది. పూత లేని మామూలు ఉక్కు రేకును ఏడాది పాటు బయట ఉంచితే సీ2లో 1.3 నుంచి 25 మైక్రాన్ల మందం పోతుంది. సీ3లో 25 నుంచి 50, సీ4లో 50 నుంచి 80, సీ5లో 80 నుంచి 200 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే, సముద్రపు ఉప్పుగాలి చేరని అనంతపురం బయలును సీ2 అనుకోవచ్చు. ఊరి మధ్య, ఫ్యాక్టరీ పొగల దాపున అది సీ3. తేమ అరవై శాతం దాటని గాలిలో, ఉప్పూ దుమ్మూ అంటని ఇనుము దాదాపు తుప్పు పట్టదు. సీమలో ఏడాదిలో చాలా నెలల పగటి గాలి అలాంటిదే.

ఈ అంకెలతో ఒక అసౌకర్యమైన లెక్క వేయవచ్చు. సీ2 గరిష్ఠ వేగం ఏడాదికి 25 మైక్రాన్లు. అదే వేగం ముప్పై ఏళ్లు కొనసాగిందనుకున్నా పోయేది ముప్పావు మిల్లీమీటరు. నిజానికి ఏర్పడిన తుప్పు పొరే కొంత అడ్డుపడి వేగం తగ్గుతుంది కాబట్టి అంత కూడా పోదు. అంటే బయలులో నిలబడిన 20 మిల్లీమీటర్ల మందపు ఇనుప పలకకు రంగు వేయడం సగం అందం కోసమే. అదే అర మిల్లీమీటరు పైకప్పు రేకుకు ఆ ముప్పావు మిల్లీమీటరంటే చావు. పూత ఖర్చు లెక్క పూతతో కాకుండా ఇనుము మందంతో మొదలుకావాలి. ఈ చిన్న విషయం టెండరు కాగితాల్లో ఎక్కడా కనిపించదు. మందపు దూలానికీ, పైకప్పు రేకును మోసే పలుచని పర్లిన్‌కూ ఒకే వరుసలో ఒకే రంగు రాసేస్తారు.

ఈ లెక్కకు ఒక షరతుంది. నీరు నిలిచే మూలలు, బోల్టు కింద సందులు, మట్టి పేరుకునే కోణాలు ఏ తరగతికీ లొంగవు. బయట సీ2 ఉన్నా ఆ సందు లోపల వాన వెలిసిన తర్వాత కూడా రోజుల తరబడి తడి ఉంటుంది. ఇనుము తెగేది అక్కడే.

ఇక పూత మందం సంగతి. ఐఎస్‌ఓ 12944 ప్రమాణం ప్రకారం సీ5 వాతావరణంలో పదిహేను నుంచి పాతికేళ్ల మన్నిక కావాలంటే జింక్ ప్రైమర్‌తో (ఇనుము మీద మొదట వేసే జింకు పూత) కలిపి మొత్తం 260 మైక్రాన్ల పూత ఉండాలి. అదే మన్నిక సీ2లో 120 మైక్రాన్ల ఎపాక్సీతో (రెండు డబ్బాలు కలిపితే గట్టిపడే రంగు) వస్తుంది. తీరప్రాంతపు నిబంధనను కడప బయలులో నకలు చేస్తే రెట్టింపుకు మించిన మందానికి డబ్బు కడుతున్నట్టు. ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. మన్నిక అంటే పూత ఎప్పటివరకు ఉంటుందని కాదు, మొదటి పెద్ద మరమ్మతు ఎప్పుడు అవసరమవుతుందని. అది గ్యారంటీ కాలం కూడా కాదని ప్రమాణమే స్పష్టంగా చెబుతుంది. పాతికేళ్ల మన్నిక అని రాసిన కాగితం పట్టుకుని పదేళ్లకు కాంట్రాక్టరు మీదికి వెళ్తే చెల్లదు.

సీమలో తుప్పు కన్నా ముందు పూతను చంపేది ఎండ. ఎపాక్సీ ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది, రసాయనాలను తట్టుకుంటుంది, కానీ సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలకు ఓడిపోతుంది. పైపొర సుద్దలా మారి చేత్తో రుద్దితే తెల్లగా అంటుకుంటుంది. అందుకే పైన పాలీయురెథేన్ పొర వేస్తారు. ఎండ తగలని పంపుహౌసు లోపలి పైపుకు ఆ పాలీయురెథేన్ దండుగ. బయటి ట్యాంకుకు అది లేకపోతే ఎపాక్సీ దండుగ. ఈ ఒక్క తేడా చూసుకుంటే చాలు, చాలా చోట్ల ఖర్చు తగ్గుతుంది.

ఎండ వేసే దెబ్బ మన్నికతో ఆగదు, పని జరిగే రోజునే మొదలవుతుంది. వేసవి మధ్యాహ్నం ఇనుము మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడికి రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ బకెట్‌లోనే గట్టిపడుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే కలిపిన రంగు పనికొచ్చే సమయం దాదాపు సగమవుతుందని రసాయనికుల మోటు లెక్క. దాన్ని మళ్ళీ పలుచన చేయడానికి పనివాడు థిన్నర్ గుమ్మరిస్తాడు. ఆ థిన్నర్ ఆవిరైపోతుంది, కావలసిన మందం మిగలదు. తెల్లవారుజామున పని చేద్దామంటే మంచు తడి అడ్డం కావచ్చు. ఇనుము ఉష్ణోగ్రత, గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత కన్నా కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది పూత పనిలో అందరూ పాటించవలసిన నియమం. ఏప్రిల్‌లో ఇక్కడ సరైన పనిగంటలు ఉదయం కొన్ని, సాయంత్రం కొన్ని. రోజు కూలి మాత్రం పూర్తిగా ఇవ్వాలి. ధరల పట్టికలో ఈ గంటల లెక్క ఉండదు.

రూపాయల్లో ఒక ఉదాహరణ

ఇప్పుడు డబ్బు మాటకు వద్దాం. కింది ధరలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి మాత్రమే. ఎవరి కొటేషన్లూ కావు, మార్కెట్ రేట్లూ కావు. అసలు ధరలు వేసుకుంటే అంకెలు మారతాయి, లెక్క నడక మారదు.

ముప్పై ఏళ్లు నిలవవలసిన పైపు వంతెన ఒకటి ఉందనుకుందాం. మొదటి దారిలో ఇనుప బ్రష్షుతో గీకి, రెడ్ ఆక్సైడ్, ఎనామిల్ వేస్తారు. చదరపు మీటరుకు 300 రూపాయలు. ఐదేళ్లకోసారి మళ్ళీ వేయాలి, సారువ (ఎత్తులో పనివాళ్లు నిలబడే కట్టడి) కట్టడంతో కలిపి ప్రతిసారీ 350. రెండో దారిలో గ్రిట్ బ్లాస్టింగ్ చేసి (గరుకు రేణువులను వేగంగా కొట్టించి ఇనుమును శుభ్రం చేసి), జింక్ ప్రైమర్, ఎపాక్సీ, పాలీయురెథేన్ వేస్తారు. చదరపు మీటరుకు 1000 రూపాయలు. పదిహేనో ఏట పైపొర మాత్రం కొత్తగా వేయడానికి 400. నేటి ధరల్లోనే కూడితే మొదటి దారికి ఐదు మరమ్మతులతో కలిపి 2050, రెండో దారికి 1400. పెయింటు కంపెనీల కరపత్రాలు సాధారణంగా ఇక్కడికి వచ్చి ఆగిపోతాయి.

ఆగకూడదు. ఇవాళ 1000 పెట్టడం, ఇవాళ 300 పెట్టి మిగిలిన 700ను వేరే పనిలో తిప్పుకోవడం ఒకటి కాదు. అప్పు మీద పది శాతం వడ్డీ, కూలీ, సరుకుల ధరలు ఏటా ఏడు శాతం పెరుగుదల అనుకుంటే అసలైన వడ్డీ దాదాపు మూడు శాతం. ఆ మూడు శాతంతో భవిష్యత్తు ఖర్చును నేటి విలువకు కుదిస్తే మొదటి దారి 1448, రెండో దారి 1257. ఇంకా రెండోదే చౌక, కానీ తేడా బాగా తగ్గింది. అసలైన వడ్డీ ఎనిమిది శాతం అనుకుంటే మొదటి దారి 937, రెండోది 1126. తీర్పు తిరగబడింది! చేతిలో డబ్బు లేని చిన్న రైస్ మిల్లు యజమాని ఎనామిల్ వేయించుకుంటే అది అజ్ఞానం కాదు. అతనికి అప్పు పుట్టే రేటు దగ్గర అదే సరైన లెక్క.

అయితే ఆ వంతెన నడుస్తున్న కర్మాగారం మధ్యలో, ఎత్తులో ఉందనుకుందాం. ఎక్కాలంటే అనుమతి పత్రాలు, కాపలా మనిషి, కింద రాకపోకల నిలుపుదల, పొడవాటి సారువ. ప్రతి మరమ్మతుకూ ఇందుకే చదరపు మీటరుకు ఇంకో 250 రూపాయలు అవుతుందనుకుంటే, అదే ఎనిమిది శాతం దగ్గర మొదటి దారి 1392కు ఎగబాకుతుంది, రెండోది 1205 దగ్గరే ఆగుతుంది. తీర్పు మళ్ళీ తిరగబడింది. రెండుసార్లూ పెయింటు ధర మారలేదు. మొదటిసారి వడ్డీ మారింది, రెండోసారి ఆ ఇనుము దగ్గరికి మళ్ళీ వెళ్ళడానికయ్యే ఖర్చు మారింది. దీర్ఘకాలిక లెక్క ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది. ఏ పూత కొనాలన్న ప్రశ్నకు ముందు, పదేళ్ల తర్వాత ఈ ఇనుము పక్కన నిలబడటానికి ఎంతవుతుందని అడగాలి. చేతికి అందే మెట్ల కటకటాలకు ఎనామిల్ చాలు. పొగగొట్టం మీది నిచ్చెనకు చాలదు.

డబ్బా ధర గురించి కూడా ఒక మాట. లీటరు 200 రూపాయల రంగు, లీటరు 350 రూపాయల రంగు పక్కపక్కన పెడితే మొదటిది చౌకగా కనిపిస్తుంది. మొదటిదానిలో ఆరిన తర్వాత మిగిలే ఘనపదార్థం నలభై శాతమే, రెండోదానిలో ఎనభై శాతం అనుకుంటే, మిగిలే పదార్థానికి లెక్క చూసినప్పుడు మొదటిది లీటరు 500, రెండోది 437.50 పడుతుంది. కొన్నది రంగు, గాలిలో కలిసింది థిన్నర్. ఘనపదార్థం శాతం ప్రతి మంచి పెయింటు వివర పత్రంలోనూ ఉంటుంది. దాన్ని పదితో గుణించి, కావలసిన మైక్రాన్లతో భాగిస్తే లీటరు రంగు ఎన్ని చదరపు మీటర్లకు వస్తుందో తెలుస్తుంది. ఎనభై శాతం రంగును వంద మైక్రాన్లు వేస్తే ఎనిమిది చదరపు మీటర్లు. గాలికి కొట్టుకుపోయేది, బకెట్‌లో మిగిలేది వేరే తీసేయాలి. ఈదురుగాలి వీచే రామగిరి, నల్లకొండ మెట్టల మీద స్ప్రే చేస్తే ఆ తీసివేత చిన్నదేమీ కాదు.

పేరుకు రెండు కోట్లు

తెలుగులో పెయింటర్లు వాడే కోటు అన్న మాటకు బహువచనం కోట్లు. రెండు కోట్లు అయ్యాయంటే పూత సంగతో, బిల్లు సంగతో వెంటనే తేలదు. పని నాణ్యతలోనూ ఇదే అయోమయం ఉంది. ఎన్ని కోట్లు వేశారన్నది లెక్కపెడతారు, ఎన్ని మైక్రాన్లు నిలిచిందన్నది కొలవరు. కొలిచే పరికరం అరచేతిలో ఇమిడిపోతుంది.

పూత మన్నికను తేల్చేది దాని కింద ఉన్న ఉపరితలం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త ఉక్కు మీద నీలం నలుపు కలిసిన ఒక పెళుసు పొర ఉంటుంది. చూడటానికి గట్టిగా, అందంగా ఉంటుంది కాబట్టి కొత్త ఇనుముకు గీకుడు ఎందుకని దాని మీదే ప్రైమర్ వేసేస్తారు. ఎండకు వేడెక్కి, రాత్రికి చల్లబడే ఇనుము మీద ఆ పొర పగిలి, మీది రంగును కూడా తీసుకుని ఊడిపోతుంది. ఇనుప బ్రష్షు, ఉప్పు కాగితం దాన్ని తొలగించలేవు. బ్లాస్టింగ్‌కే అది లొంగుతుంది. నిబంధనల్లో ఎస్‌ఏ రెండున్నర అని రాసేది ఆ స్థాయి శుభ్రత గురించే. జింక్ ప్రైమర్ కొని దాన్ని బ్రష్షుతో గీకిన ఇనుము మీద వేయడం, ఈ రంగంలో జరిగే దుబారాల్లో అగ్రతాంబూలం అందుకోవలసినది. జింకు పనిచేయాలంటే అది ఇనుమును నేరుగా తాకాలి, అప్పుడే ఇనుముకు బదులు తాను కరుగుతుంది. మధ్యలో తుప్పు పొర ఉంటే అది ఖరీదైన బూడిదరంగు మాత్రమే.

సీమకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి నీళ్లలో ఉంది. రంగుకు ముందు ఇనుమును కడగాలి, నిజమే. కానీ లోతైన బోరు నుంచి వచ్చే ఉప్పు నీటితో కడిగితే, నీరు ఆరిపోయి లవణం ఇనుము మీదే మిగులుతుంది. రంగు పొర కింద చిక్కుకున్న ఆ లవణం బయటి తేమను పొర గుండా లోపలికి లాగుతుంది. కొన్నాళ్లకు బొబ్బలు లేస్తాయి. తప్పు పెయింటు మీదికి నెట్టేస్తారు. టీ పెడితే విరిగే నీటితో ఇనుము కడగకూడదన్నది మోటు పరీక్షే గానీ, తనిఖీ పరికరం లేనిచోట ఏమీ చూడకపోవడం కన్నా మేలు.

అంచుల సంగతి ఇంకా చిన్నది, ఇంకా ముఖ్యం. తడి రంగు పదునైన అంచు మీద నిలవదు. తలతన్యత దాన్ని అంచు నుంచి చదునైన చోటికి లాగేస్తుంది. అందుకే పలక నడిమధ్య రంగు నిగనిగలాడుతుండగానే కోణాల అంచులు, వెల్డింగు గీతలు, బోల్టు తలలు ఎర్రబడతాయి. గ్రైండరుతో అంచును గుండ్రం చేసి, మొత్తం రంగుకు ముందు అంచులకూ వెల్డింగులకూ బ్రష్షుతో ఒక చెయ్యి విడిగా పూస్తే మరమ్మతు ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది. మొత్తం ఖర్చుతో పోలిస్తే దీనికయ్యేది చిల్లర. పూత పనిలో ఒక్క రూపాయికి ఇంత ఫలితం మరెక్కడా రాదు. అయినా కొలతల పుస్తకంలో దీనికి విడి వరుస ఉండదు కాబట్టి ఎవరూ చేయరు.

బ్లాస్టింగ్‌కు నది ఇసుక చౌక. ఆ ఇసుక పొడి ఊపిరితిత్తుల్లో చేరి తెచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. ఇసుకకు బదులు ఉక్కు గ్రిట్, గార్నెట్, రాగి స్లాగ్ వాడితే ధర పెరుగుతుంది. పెరిగేది నిజమైన ధర. అంతకు ముందు ఆ తేడాను కట్టింది కూలీ.

తూకానికి జింకు, కొలతకు రంగు

గాల్వనైజింగ్‌ను పెయింటుతో పోల్చేటప్పుడు ఒక తమాషా ఎదురవుతుంది. రంగు పని చదరపు మీటరుకు, గాల్వనైజింగ్ పని కిలోకు. కరిగిన జింకు తొట్టిలో, దాదాపు 450 డిగ్రీల వేడిలో ముంచి తీసే ఈ పనికి ధర ఇనుము బరువు మీద పడుతుంది. టన్ను ఇనుములో ఎంత ఉపరితలం ఉందన్నది దాని మందాన్ని బట్టి ఉంటుంది. ఐదు మిల్లీమీటర్ల పలకైతే టన్నుకు రెండు వైపులా కలిపి దాదాపు 51 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్లయితే 13 కూడా రాదు. కిలోకు 20 రూపాయలు అనుకుంటే పలుచని ఇనుముకు చదరపు మీటరుకు 392 రూపాయలు, మందపు ఇనుముకు దాదాపు 1570. కరెంటు టవర్ల కోణాలు, సౌర పలకల స్టాండ్లు, నడక జాలీలు గాల్వనైజ్ అవుతాయి, పెద్ద గర్డర్లు పెయింటు వేసుకుంటాయి. దీనికి సాంకేతిక కారణాలు చాలా చెబుతారు గానీ, అసలు కారణం తక్కెడలో ఉంది.

ఐదు మిల్లీమీటర్లకు తగ్గని మందపు ఇనుముకు భారత ప్రమాణం ఐఎస్ 4759 చదరపు మీటరుకు కనీసం 610 గ్రాముల జింకు అడుగుతుంది. మందంలో అది 85 మైక్రాన్లు. సీ2 గాలిలో జింకు పోయేది ఏడాదికి 0.7 మైక్రాన్ల లోపే. ముప్పై ఏళ్లకు ఎక్కువలో ఎక్కువ 21 మైక్రాన్లు. పాతికేళ్ల విద్యుత్ ఒప్పందం మీద నడిచే సౌర పార్కుకు అంతకన్నా ఏం కావాలి? పలకల మధ్య వరుసల్లోకి మనుషులను పంపి వేల కాళ్లకు రంగు వేయించే అవసరం రాకపోవడమే అక్కడ అసలు ఆదా.

నేల దగ్గర మాత్రం కథ మారుతుంది. మట్టిలో దిగిన భాగానికి గాలి తరగతులు వర్తించవు. వాన పడితే ఉబ్బి, నెలల తరబడి తడిని పట్టుకునే, లవణాలున్న నల్లరేగడిలో జింకు ఎంతో వేగంగా పోతుంది. కోయిలకుంట్ల, జమ్మలమడుగు రేగడిలో దిగే కాలికీ, ఎర్రమట్టి గరుసులో దిగే కాలికీ ఒకే పూత రాయడం పొరపాటు. నేల మట్టానికి కొంచెం పైకీ కొంచెం కిందికీ ఎపాక్సీ పట్టీ వేస్తే, లేదా కాంక్రీటు నేల పైకి వచ్చేలా పోస్తే చాలా వరకు తీరుతుంది. ముందే మట్టి విద్యుత్ నిరోధకతను కొలిపించాలి, ఆ ఖర్చు స్వల్పం.

జింకుకు ఇంకో బలహీనత ఉంది. ఆమ్లమూ గాఢమైన క్షారమూ రెండూ దాన్ని కరిగిస్తాయి. అందుకే కాస్టిక్ ఆవరణలో గాల్వనైజింగ్ ఎంత చౌకైనా అక్కరకు రాదు. అక్కడ ఎపాక్సీ, వినైల్ ఎస్టర్ లాంటి పూతలే దిక్కు. వాటికన్నా ముందు, పైపులు కలిసే చోట కారుతున్న ఫ్లాంజిని ఆపడం చౌక.

కొత్త గాల్వనైజ్డ్ ఇనుము మీద మామూలు ఎనామిల్ వేయించడం ఊళ్లలో తరచూ కనిపించే తప్పు. ఎనామిల్‌లో నూనె ఉంటుంది. జింకుతో కలిసి ఆ నూనె అడుగున సబ్బుగా మారుతుంది, రంగు అరిటాకులా ఊడి వస్తుంది. అచ్చంగా ఇలాంటిదే ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల దగ్గరా జరుగుతుంది. సిమెంటు దుమ్ము క్షారం. రాత్రి మంచుకు తడిసి ఇనుము మీద అట్టకట్టిన దుమ్ము, కింద ఉన్న నూనె రంగును నెమ్మదిగా సబ్బు చేస్తుంది. క్షారం ఇనుముకు మేలే చేస్తుంది, చెరిచేది రంగును. అలాంటి చోట తొలి ధర ఎక్కువైనా ఎపాక్సీకి వెళ్ళడం తప్పదు. వారానికోసారి దుమ్ము దులిపే మనిషిని పెట్టుకోవడం ఇంకా చౌక.

ముద్దనూరు దగ్గరి 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం లాంటి చోట ఒకే ప్రహరీ లోపల అన్ని తరగతులూ ఉంటాయి. బొగ్గు తడి, నీటి తుంపర, బూడిద, వేడి పైపు. వీటిలో మోసకారి, పైన రేకు తొడిగిన వేడి పైపు. వేడి పోకుండా దాని చుట్టూ చుట్టిన ఊలు వాన నీటిని పీల్చుకుంటే, 50 నుంచి 175 డిగ్రీల మధ్య నడిచే పైపు లోలోపలే తుప్పు పడుతుంది. బయటి రేకు మెరుస్తూనే ఉంటుంది. ఇక్కడ పూతకు మళ్ళీ చేరుకోవాలంటే రేకు విప్పాలి, ఊలు తీయాలి, కేంద్రాన్ని ఆపాలి. వేడిని తట్టుకునే అత్యంత ఖరీదైన పూత కూడా ఇక్కడ చౌకే, మొదటిసారి సరిగ్గా వేస్తే.

నీళ్లు మోసే పైపుల్లో దీనికి విరుద్ధమైన పాఠం ఉంది. పెద్ద ఇనుప పైపుల లోపలి గోడకు సిమెంటు ముద్ద పట్టించడం పాత పద్ధతి, చౌకైనది. సిమెంటు క్షారానికి ఇనుము మీద కంటికి కనిపించని రక్షణ పొర ఏర్పడుతుంది. సన్న పగుళ్లు వచ్చినా తడికి తిరిగి పూడుకుంటాయి. కరపత్రాల్లో మెరిసే పూతలన్నీ దీనితో పోటీపడటానికి కష్టపడతాయి. తాగునీటి పైపుకు, ట్యాంకుకు తారు ఎపాక్సీ ఎంత చౌకగా వచ్చినా వాడకూడదు. తారులోని పదార్థాలు నీటిలోకి చేరతాయి. ఫ్లోరైడు బెడద తప్పించడానికి దూరం నుంచి నీరు తెచ్చుకున్న అనంతపురం పల్లెలకు ఇంకో విషం కొత్తగా అక్కర్లేదు.

జలాశయాల గేట్ల దగ్గర లెక్క కొలమానమే మారిపోతుంది. తడీ పొడీ మారుతూ ఉండే చోటు ఇనుముకు అన్నిటికన్నా గడ్డుది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయంలో 19వ నంబరు గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. తాత్కాలిక గేటు అమర్చేలోపు కర్నూలు, అనంతపురం కాలువల మీద ఆశ పెట్టుకున్న నీరు నదిలోకి వెళ్లిపోయింది. గొలుసుకు రంగు ఎలాగూ నిలవదు. లింకు లింకుతో రాసుకునే చోట గ్రీజు, మందం కొలత, సమయానికి మార్పిడి, ఇవే పూత చేయలేని పనిని చేసేవి. అలాంటి ఇనుముకు చదరపు మీటరు ధరలు పోల్చి చౌక, ఖరీదు అనడం అర్థం లేని పని. పక్కన రాయవలసిన అంకె పోయే నీటి విలువ.

ఇంత లెక్క తెలిసినా చౌక పూతే గెలవడానికి కారణం డబ్బు ఎవరి జేబులో ఉందన్నది. కాంట్రాక్టరు బాధ్యత సాధారణంగా ఏడాదికో, రెండేళ్లకో తీరిపోతుంది. సీమ ఎండలో ఎంత నాసి పనైనా రెండేళ్లు నిలబడుతుంది, ఎందుకంటే గాలి పొడి. ఈ పొడి గాలి పనితనాన్ని కాపాడుతున్నట్టు కనిపిస్తూ దొంగ పనిని దాస్తుంది. తీరంలో ఒక్క వానాకాలానికే బయటపడే లోపం ఇక్కడ నాలుగో ఏట గానీ తెలియదు. అప్పటికి బిల్లు, డిపాజిట్ రెండూ వెళ్లిపోయి ఉంటాయి. కాబట్టి ఈ ప్రాంతానికి రాసే టెండరులో మందం కొంచెం తగ్గించినా ఫరవాలేదు గానీ, పని జరుగుతుండగా చేసే తనిఖీని తగ్గించకూడదు. బ్లాస్టింగ్ అయ్యాక ప్రైమర్ వేయకముందు ఒకరు చూసి సంతకం పెట్టాలి. ప్రతి పొర తర్వాత మైక్రాన్లు కొలిచి రాయాలి. పూత మీద తీరప్రాంతపు నకలు మానితే మిగిలే డబ్బు ఈ తనిఖీకి సరిపోగా ఇంకా మిగులుతుంది. బాధ్యత కాలాన్ని ఐదేళ్లు చేసి, బిల్లులో కొంత భాగం ఆపి ఉంచడం ఇంకో దారి. కొటేషన్ ధర పెరుగుతుంది. ఆ పెరుగుదల ఎంతో చూస్తే, తన పని మీద కాంట్రాక్టరుకు ఎంత నమ్మకముందో కూడా తెలిసిపోతుంది.

మచ్చలు కనిపించగానే అక్కడికక్కడ గీకి పూయడం మరచిపోయిన కళ. ఉపరితలంలో ఒక శాతం ఎర్రబడగానే ఆ చోట్ల మాత్రం చూసుకుంటే గోటితో పోతుంది. మొత్తం పాడయ్యాక మళ్ళీ పూర్తి వేలం పిలవడానికి అలవాటుపడిన వ్యవస్థకు గొడ్డలే దగ్గర. చిన్న మరమ్మతుకు టెండరు పెట్టలేం, పద్దులో చోటు ఉండదు. డబ్బా రంగు, బ్రష్షు, ఇద్దరు పనివాళ్లు, సంవత్సరానికి పది రోజులు. చాలా ఫ్యాక్టరీల్లో ఈ పద్దు రాయడానికి శీర్షికే లేదు.

సీమలో ఫలానా పూత నిజంగా ఎన్నేళ్లు నిలిచిందన్న సమాచారం ఏ ప్రమాణంలోనూ దొరకదు. ఇక్కడి ఇనుము మీదే దొరకాలి. రైల్వే వాళ్లు గర్డరు మీద రంగు వేసిన తేదీని తెల్ల అక్షరాలతో అచ్చు వేస్తారు. పెన్నా మీదుగా రైలు దాటేటప్పుడు కిటికీలోంచి చూసినా ఒక్కోసారి కనిపిస్తుంది. ట్యాంకు మీద, పైపు వంతెన మీద, గేటు మీద అదే పద్ధతిలో తేదీ, పూత రకం, కొలిచిన మైక్రాన్లు, కడిగిన నీరు ఏ బోరుదో కూడా రాస్తే, పదేళ్లకు ఆ పక్కనే నిలబడి తుప్పు ఎంత పాకిందో చూసిన మనిషికి తర్వాతి టెండరులో ఏం రాయాలో తెలుస్తుంది.